కదిరమ్మ చుట్టిన పిడి

మా ఇంటికీ బాలనాగమ్మ ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. గోడకు అటువైపు ఆమె మగ్గం, ఇటువైపు నా మంచం. ధర్మవరంలో ఈ అద్దె ఇల్లు చూపించిన పెద్దమనిషి గాలి బాగా వస్తుందన్నాడు, నీళ్లకు ఇబ్బంది లేదన్నాడు, మగ్గం మాట మాత్రం మింగేశాడు. నేను ఆర్టీసీలో కండక్టర్ని. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే పల్లెవెలుగు బస్సు నాది. తెల్లవారుజామున డ్యూటీకెక్కి మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చగానే తలకింద టకటకా టకటకా. మొదట్లో ఒళ్లు మండిపోయేది. ఒకసారి ఉండబట్టలేక గోడ మీద గుద్దాను కూడా. అవతలి నుంచి కదిరమ్మ, అంటే బాలనాగమ్మ అత్త, "ఎవరప్పా అది? పాత గోడ, పడిపోతాది!" అని కేకేసింది. నా కోపం ఆమెకు గోడ సంగతిగానే వినపడింది. ఇక గుద్ది లాభం లేదని ఊరుకున్నాను.

కొన్నాళ్లకు నా ఖర్మ ఎలా తయారైందంటే, ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు.

మగ్గం ఎరగని వాళ్లకు ఒక్క మాట చెప్పాలి. నేసే మనిషి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. పైనుంచి ఒక తాడు వేలాడుతుంది, ఆ తాడు చివర కొయ్యపిడి. కుడిచేత్తో పిడిని గుంజితే నాడె దారాన్ని మోసుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తుతుంది. ఎడమచేత్తో పలకను దగ్గరికి లాగితే ఆ దారం బట్టలో కూర్చుంటుంది. మళ్లీ గుంజాలి. పొద్దంతా గుంజుతూనే ఉండాలి. పట్టుచీర చూపిస్తే లోకమంతా జరీ చూస్తుంది, రంగు చూస్తుంది. ఆ ఇంటి పక్కన కాపురం పెట్టాక నాకు మాత్రం చీర చూస్తే ఒక ముంజేయి గుర్తొస్తుంది.

బాలనాగమ్మ పుట్టింది నల్లమాడ దగ్గర. వాళ్ల నాయన మగ్గం మానేసి వేరుశనగ వేసుకున్న మనిషి. కాబట్టి ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసింది మట్టిలోంచి చెట్టు పీకి కాయ దులపడం. పెళ్లయి ధర్మవరం వచ్చేదాకా మగ్గం ముట్టి ఎరగదు. ఇక్కడ మామ కుళ్ళాయప్ప నేసేవాడు, అత్త కదిరమ్మ నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టేది. కోడలు వచ్చాక ఆమె కూడా అత్త పక్కన కూర్చుని కండెలు చుట్టడం నేర్చుకుంది. చుట్టడంలో కదిరమ్మను మించిన మనిషి ఆ వీధిలో లేదంటారు. వెంట్రుక కంటే సన్నటి పోగు తెగకుండా, ముడి పడకుండా, చూపు ఎక్కడో పెట్టుకుని మాట్లాడుతూ చుట్టేసేదట. నేను ఈ ఇంట్లో అద్దెకు దిగేటప్పటికే ఆమె చూపు మందగించింది.

కుళ్ళాయప్ప పోయాక మగ్గం కొడుకు ఓబులేసు చేతికి రావాలి. ఓబులేసు చెడ్డవాడు కాదు. గుంటలో కూర్చుంటే తనకు ఊపిరాడదని మాత్రం నిజం చెప్పి, హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరిపోయాడు. వారానికొకసారి వస్తాడు. మగ్గానికి బూజు పట్టింది. ఆ బూజు చూసినప్పుడల్లా కదిరమ్మ అన్నం సగంలో వదిలేసి లేచేదట. అది చూడలేక ఒకరోజు బాలనాగమ్మ చీరకొంగు బిగించి గుంటలోకి దిగింది. ఆ వీధిలో ఆడవాళ్లు కండెలు చుడతారు, అంచులు సర్దుతారు, గుంటలో దిగేవాళ్లు మాత్రం తక్కువ. ఓబులేసు నవ్వాడు. కదిరమ్మ నవ్వలేదు, కర్పూరం వెలిగించింది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మగ్గానికెక్కించిన నిలువుపోగుల పడుగు అయిపోయి కొత్త పడుగు అతికించిన రోజున మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పిడికి పట్టుపోగులు చుడతారు. కుళ్ళాయప్ప ఉన్నప్పుడు ఒక్క చుట్టు చుట్టి మర్నాడు తీసేసేవారట, దేవుడి పేరున. కోడలు గుంటలో దిగాక కదిరమ్మ తీయడం మానేసింది. ఆడపిల్ల చెయ్యి, కొయ్య ఒరుసుకుంటుంది, మెత్తగా ఉండనీ అని. తర్వాతి పడుగుకు దాని మీదనే ఇంకో వరస. ఆ తర్వాత ఇంకో వరస. చూపు తగ్గి కండెలు చుట్టడం కుదరకుండా పోయాక ఈ పిడి చుట్టడమొక్కటే ఆమెకు మిగిలింది. పండగలా చేసేది దాన్ని. తల స్నానం చేసి, గుమ్మం దగ్గర వెలుగులో కూర్చుని, పోగును వేళ్ల మధ్య సాగదీస్తూ వరస మీద వరస పేర్చేది. ఆ ముసలామెకు ప్రేమ చూపడం వచ్చిన తీరు అదొక్కటేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పోయినేడాది ఎండలు తగ్గే రోజుల్లో గోడ అవతల చప్పుడు మారింది. టకటకా అని పోయేది కాస్తా టక్... టకా... టక్ అని గతుకుల రోడ్డు మీద బస్సులా తయారైంది. మధ్యలో పూర్తిగా ఆగేది. నేను మంచం మీద కళ్లు తెరుచుకుని మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని చూసేవాణ్ని. ఒకరోజు సాయంత్రం వాకిట్లో కనబడితే అడిగాను.

"ఏమ్మా, మగ్గానికేమైనా అయిందా?"

"మగ్గానికేం కాలేదన్నా. నా చెయ్యే." మోచేతి కింద చూపించింది. "ఈడ పట్టుకున్నాది. నిన్న సంకటి కెలకతాంటే కట్టె చేతిలో నిలవలేదు."

సంకటి కట్టె నిలవకపోవడం అంటే మా సీమలో చిన్న విషయం కాదు. బిందె ఎత్తలేకపోతోంది, తడిబట్ట పిండలేకపోతోంది. కదిరమ్మ రోజూ ఆముదం వెచ్చబెట్టి ఆ చేతికి పట్టించేది. అది చాలదని, పిడి ఇంకా గట్టిగా తగులుతోందేమోనని, పడుగు మారకముందే మరో వరస పట్టు చుట్టింది. నొప్పి ఇంకా పెరిగింది. కోడలి చేతికి దిష్టి తగిలిందని ఒకసారి మిరపకాయలు కూడా తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు గోడ ఇవతల నేను దగ్గాను. నాకే దిష్టి తీసినట్టు.

ఆదివారం ఓబులేసు వచ్చాడు. గోడ పలచన కాబట్టి నేను వినాల్సిన పని లేకపోయినా విన్నాను.

"ఇంగ మగ్గం ఎత్తేద్దాం. గుంట పూడ్చేస్తే ఈడ మంచం పడతాది. ల్యాకపోతే ఇల్లే ఖాళీ చేసి అందరం హిందూపురం పోదాం. రూము చూసినా."

"అత్తకు ఆడ ఎట్లప్పా?" అంది బాలనాగమ్మ.

"మనం ఉండామా, మనతోనే ఉంటాది."

ఆ ఇంట్లో కదిరమ్మ కళ్లతో తిరగదు, చేతులతో తిరుగుతుంది. గడప, గోడ, మగ్గం స్తంభం, పొయ్యి. తడుముకుంటూ ఎవరి సాయమూ అడగకుండా పనులు చక్కబెట్టుకుంటుంది. హిందూపురంలో అద్దె గదిలో ఆమె ఒక మూలన కూర్చోవడమే. అది కొడుక్కు తట్టలేదు. కోడలికి తట్టింది. చెయ్యి బాగుపడితే మగ్గం ఉంటుంది, మగ్గం ఉంటే ఆ ముసలామెకు ఇల్లు ఉంటుంది. చివరికి మగ్గం మీదున్న పడుగు అయిపోయేలోపు చెయ్యి కుదురుకోకపోతే కొత్తది అతికించేది లేదని తేల్చుకున్నారు.

హిందూపురంలో ఒక ఎముకల డాక్టర్ దగ్గర చూపించుకోమని ఓబులేసు చెప్తే, ఆమె నా బస్సులోనే వెళ్లింది. తిరుగు ప్రయాణం కూడా నా బస్సే. ఆడవాళ్లకు టికెట్ తీసేశాక పల్లెవెలుగులో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. నాకు కడుపు మంటేం లేదు, మా ఆవిడ కూడా అందులోనే తిరుగుతుంది. కాకపోతే అందరూ ఎక్కి నా కాలి మీదే నిలబడతారు. ఆరోజు బాలనాగమ్మ కూడా సీటు దొరక్క నా పక్కనే నిలబడింది.

"ఏమన్నాడు డాక్టరు?"

"కొంచిం రోజులు చెయ్యి ఆపమన్నాడు. మందు పూసుకోమన్నాడు. పిడి ఎట్ల పట్టుకుంటావో చూపించమంటే బల్ల మీద కట్టు గుడ్డ చుట్ట ఉంటే పట్టుకుని చూపించినా. అంత గట్టిగా ఎందుకమ్మా పిసుకుతావు అన్నాడు. జారిపోతాది సార్ అన్నా. ఎంత లావుంటాదని అడిగినాడు. టార్చిలైటంత ఉంటాది అంటే, పట్టుకుంటే వేళ్లు బొటనవేలికి తగలాల కదమ్మా అన్నాడు." ఆమెకు నవ్వొచ్చింది. "నేనెప్పుడూ చూసుకోలేదన్నా."

పెనుకొండ దాటాక డ్రైవర్ ఒక గొర్రెల మందను తప్పించబోయి బ్రేకు వేశాడు. అందరం ముందుకు తూలాం. ఆమె కుడిచెయ్యి పైకి లేచి ఇనుప కడ్డీ పట్టుకుంది, పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను టికెట్లు కొట్టుకుంటూ ముందుకెళ్లి వెనక్కొచ్చినా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"నొప్పి చెయ్యి కదమ్మా అది?"

ఆమె తన చేతినే ఎవరిదో చూసినట్టు చూసింది.

నాకు నా కొత్తరోజులు గుర్తొచ్చాయి. ఉద్యోగంలో చేరినప్పుడు ఆ కడ్డీ ఎక్కడ పారిపోతుందో అన్నట్టు పట్టుకునేవాణ్ని. సాయంత్రానికి ముంజేయి రాయిలా బిగిసిపోయి అన్నం కలపడానికి వేళ్లు వచ్చేవి కావు. మా పాత డ్రైవర్ ఒకాయన చూసి, "వేలాడబ్బా, పిసకొద్దు" అన్నాడు. వేళ్లను కొక్కెంలా తగిలించి బరువు భుజానికి వదిలేయాలి. అంతే. ఆ మాటే ఆమెకు చెప్పాను.

ఇక చూడాలి ఆ ప్రయాణం. ఆమె కడ్డీని గట్టిగా బిగించి మొహం చిట్లించేది. వదిలి వేళ్లు మాత్రం తగిలించేది. కడ్డీకి కొంగు చుట్టి లావు చేసి పట్టుకునేది, ఇస్సని వదిలేసేది. మళ్లీ ఉత్త కడ్డీ. పక్కనున్న ఒకామె, "ఏమమ్మా, కడ్డీ కొంటావా?" అని అడిగింది. సీటు ఖాళీ అయింది, కూర్చోమన్నాను. వద్దంది. చెన్నేకొత్తపల్లి వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు పోయింది.

"అన్నా, నొప్పి తెచ్చింది పిడి కాదు. దాని మీద చుట్టిన పట్టు. లావయింది, జారతాది, జారతాదని పిసకతాండా."

"ఇంకేం? తీసి పారెయ్యి."

నాకు ఏ విషయమైనా తేలికే, అది ఇంకొకరిదైతే. ఆమె బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"తీసేది ఎంతసేపన్నా. ఆయమ్మకు కండ్లు పాయ. కండెలు పాయ. ఆ చుట్టేదొక్కటే మిగిలుండాది. అదే నా చెయ్యి పాడు జేసిందని ఏ నోటితో చెప్పేది?"

ధర్మవరం దాకా టికెట్ మిషన్ చూసుకుంటూ కూర్చున్నాను.

ఆమె చేసిన ఉపాయం ఇది. చెయ్యికి కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చాక మళ్లీ గుంటలో దిగింది. పొద్దున అత్త పెరట్లో ఉన్నప్పుడు పిడి మీది పట్టును ఒలిచి పక్కన పెట్టుకునేది. ఉత్త కొయ్య మీద వేళ్లు తగిలించి నేసేది. సాయంత్రం దీపం పెట్టాక కదిరమ్మ వచ్చి పిడిని తాకి కళ్లకద్దుకుంటుంది, రోజూ. ఆ వేళకు ముందే మొత్తం తిరిగి చుట్టేసేది. గోడ ఇవతల నాకు టకటకా టకటకా అని పాత చప్పుడు తిరిగి వచ్చింది. హాయిగా నిద్రపోయాను, ఆమె ఎంత దిగులుతో ఆ పట్టు ఒలుస్తోందో తలచుకోకుండా.

పడుగు అయిపోయింది. చెయ్యి కుదుటపడింది కాబట్టి కొత్త పడుగు అతికించారు. పూజకు పక్కింటివాడినని నన్నూ పిలిచారు. ఓబులేసు సెలవు పెట్టుకుని వచ్చాడు. మగ్గం మీంచి కోసిన చీరను మడతపెట్టి అత్త ఒళ్లో పెట్టింది బాలనాగమ్మ. కదిరమ్మ కొత్త పట్టుపోగు చేతిలో పట్టుకుని పిడి తెమ్మంది. కోడలు తాడు నుంచి విప్పి ఇచ్చింది.

కదిరమ్మ పిడిని అరచేతిలో ఒకసారి దొర్లించింది. కొత్త పోగు పక్కన పెట్టేసింది. పిడి మీది పట్టు కొస వెతికి విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాండావు మా?" అన్నాడు ఓబులేసు.

ఆమె కోడలి వైపు తిరిగింది. "నాగమ్మా, ఈ వరస ఏ రంగు?"

"నేరేడుపండు రంగు అత్తా."

"ఇది చెయ్యి నొప్పి పుట్టినాక చుట్టింది. ఈ కింది వరస?"

"మామిడిపండు రంగు."

"నాకు కండ్లు కనపడక ఆస్పత్రికి పోయినప్పటిది. ఇది?"

"పచ్చ."

"ఓబులేసు హిందూపురం పోయినాక నువ్వు మొట్టమొదట నేసినప్పటిది."

పట్టంతా ఒళ్లో కుప్పగా పడింది. అడుగున కొయ్య బయటపడింది. కుళ్ళాయప్ప చేతిలో అరిగి నున్నగా, సన్నగా ఉంది. కదిరమ్మ దాన్ని గుప్పిట్లో పట్టుకుంది. ఆ ఇంట్లో అన్నేళ్లు పని చేసిన మనిషి, పిడిని కళ్లకద్దుకోవడమే గానీ గుంజేవాళ్లలా పట్టుకోవడం అదే మొదలు. వేళ్లు వెళ్లి బొటనవేలికి తగిలాయి.

"ఇంత సన్నంగా ఉంటాదా ఇది" అంది.

తర్వాత ఒళ్లో ఉన్న చీర అంచు వెతుక్కుంది. వేలు అంచు మీద పెట్టి, కోసిన చోటి నుంచి వెనక్కి పోనిచ్చింది. కొంతదూరం, ఉత్త కొయ్య పట్టుకుని నేసినంత మేర, వేలు నున్నగా పోయింది. అక్కడ ఆగింది. అక్కడి నుంచి అంచు లోపలికి లాగుకుపోయి ఉంది, బిగబట్టిన చెయ్యి నాడెను కుదిపి కుదిపి విసిరిన గుర్తులు. మడత విప్పింది. ఇంకో మడత విప్పింది. వేలు ఎంత దూరం పోయినా అంచు అలాగే ఉంది.

"ఇదంతా నొప్పేనా?" అంది కదిరమ్మ.

బాలనాగమ్మ ఏడుస్తూ అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. "మీరు దినమూ దానికి పండగ జేస్తాంటే ఎట్ల చెప్పేది అత్తా..."

"నువ్వు తీసి చుట్టిన మొదటిరోజే నాకు తెలిసినాది. చుట్టు నాది కాదు. నువ్వే నోరు తెరిచి చెప్తావని చూస్తాండా. చెప్తావని, చెప్తావని." ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. "నీ చేతికని చుట్టినా నాగమ్మా. నీ చెయ్యే పోయినాక ఈ పట్టు నేనేం చేసుకునేది?"

గుంట పూడ్చే మాట ఓబులేసు మళ్లీ ఎత్తలేదు. తల్లి చేతిలోంచి పిడిని తీసుకుని తనే తాడుకు కట్టాడు. ఈసారి పిడికి పసుపు, కుంకుమ మాత్రమే పెట్టారు. ఆ వంకర అంచు చీర అమ్మకానికి పోలేదు. కదిరమ్మ దాన్ని తనకే కావాలని తీసుకుంది.

ఇప్పుడు ఆమె మగ్గం పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది. చప్పుడు కాస్త గట్టిపడగానే "బిగిస్తాండావు, వదులు" అంటుంది. చప్పుడు మెత్తబడుతుంది. ఈ మాట గోడ ఇవతల నాకు వినిపిస్తూనే ఉంటుంది.

మొన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను. టకటకా అని పోతున్న మగ్గం ఆగిపోయింది. గబుక్కున లేచి కూర్చున్నాను. అప్పుడు బాలనాగమ్మ గొంతు వినపడింది.

"అత్తా, ఈపొద్దు చెయ్యి నొప్పిగా ఉండాది."

ఇన్నేళ్లలో ఆమె తనంతట తానే అత్తతో ఆ మాట అనడం నేను వినలేదు.

"నొప్పయితే లెయ్యి. సంకటి నేను కెలుకుతా."

"మీకు కనపడదు కదత్తా."

"సంకటికి కండ్లెందుకే? కట్టె ఇట్లియ్యి."

కాసేపటికి రాగిపిండి ఉడికే వాసన వచ్చింది. ఆ మధ్యాహ్నం మగ్గం చప్పుడు లేకుండానే నాకు నిద్ర పట్టింది.